అధికారం కేంద్రానిదా, రాష్ట్రానిదా? తేల్చుకునే పద్ధతి

ఒక సమస్యపై విజ్ఞప్తి ఎవరికి ఇవ్వాలో, ఒక చట్టాన్ని ఎవరు మార్చగలరో తెలియాలంటే ముందుగా భారత రాజ్యాంగం ఏడవ షెడ్యూలును చూడాలి. 246వ అధికరణం శాసనాధికారాన్ని అందులోని మూడు జాబితాల ప్రకారం పంచింది. కేంద్ర జాబితాలోని అంశాలపై పార్లమెంటు, రాష్ట్ర జాబితాలోని వాటిపై శాసనసభ, ఉమ్మడి జాబితాలోని వాటిపై రెండూ చట్టాలు చేస్తాయి. ఏ జాబితాలోనూ లేని అంశం 248వ అధికరణం ప్రకారం పార్లమెంటుకే దక్కుతుంది.

జాబితాలో అంశం పేరు కనబడగానే ఆగకుండా ఆ పద్దును చివరి వరకు చదవాలి. "లోబడి" అన్న మాట ఎక్కడ ఉంటే అక్కడ అసలు విషయం ఉంటుంది. నీరు రాష్ట్ర జాబితాలో 17వ పద్దు; కానీ అది కేంద్ర జాబితాలోని 56వ పద్దుకు లోబడినది. అంతర్రాష్ట్ర నదుల నియంత్రణను, పార్లమెంటు చట్టం ద్వారా ప్రకటించినంత మేరకు, ఆ 56వ పద్దు కేంద్రానికి అప్పగిస్తుంది. అందువల్ల చిన్ననీటి చెరువుల బాగోగులు రాష్ట్రం చూసుకుంటుంది. కృష్ణా జలాల పంపకంపై తగాదా మాత్రం 262వ అధికరణం ఆధారంగా వచ్చిన 1956 నాటి చట్టం కింద ట్రిబ్యునల్‌కు వెళుతుంది.

రైల్వే స్టేషనులో ప్రయాణికుడి సంచి పోయిందనుకుందాం. రైల్వేలు కేంద్ర జాబితాలో 22వ పద్దు కనుక ఫిర్యాదు కూడా కేంద్రానికే ఇవ్వాలని తోస్తుంది. అయితే రాష్ట్ర జాబితాలోని 2వ పద్దు "పోలీసు" అని ఊరుకోకుండా రైల్వే పోలీసును, గ్రామ పోలీసును కూడా అందులో కలిపింది. కాబట్టి దొంగతనం కేసు నమోదు చేసి దర్యాప్తు జరపవలసింది రాష్ట్ర ప్రభుత్వం కింద పనిచేసే జీఆర్పీ (ప్రభుత్వ రైల్వే పోలీసు). అదే ప్లాట్‌ఫారంపై కనిపించే ఆర్పీఎఫ్ (రైల్వే రక్షణ దళం) కేంద్ర బలగం. రైల్వే ఆస్తికి, ప్రయాణికులకు రక్షణ కల్పించడం దాని విధి.

ఒకే చట్టం రెండు జాబితాలనూ తాకినప్పుడు న్యాయస్థానాలు దాని పేరును కాక సారాన్ని చూస్తాయి. బొంబాయి మద్యనిషేధ చట్టంపై 1951లో వచ్చిన బల్సారా తీర్పు ఈ పద్ధతికి మంచి ఉదాహరణ: ఆ చట్టం కేంద్ర అంశమైన దిగుమతిని కాస్త తాకినా, దాని సారం రాష్ట్ర జాబితాలోని మద్యమేనని కోర్టు తేల్చింది.

ఉమ్మడి జాబితాతో మరింత జాగ్రత్తగా వ్యవహరించాలి, ఎందుకంటే అది మొదటి నుంచీ ఇప్పుడున్నట్లు లేదు. విద్య, అడవులు, తూనికలు కొలతలు వంటి 5 అంశాలను 1976 నాటి 42వ సవరణ రాష్ట్ర జాబితా నుంచి ఇందులోకి మార్చింది. పాత పుస్తకాలను నమ్ముకున్నవారు ఇక్కడే తడబడతారు. ఈ జాబితాలోని అంశంపై కేంద్ర, రాష్ట్ర చట్టాలు పరస్పరం విరుద్ధమైతే 254వ అధికరణం ప్రకారం కేంద్ర చట్టమే నిలుస్తుంది. రాష్ట్ర బిల్లును రాష్ట్రపతి పరిశీలనకు పంపి ఆమోదం పొందితే ఆ రాష్ట్రం వరకు అది చెల్లుతుంది. తమిళనాడు 2017లో జల్లికట్టు కోసం ఈ దారినే ఎంచుకుంది. ఆ తరువాత కూడా పార్లమెంటు కొత్త చట్టంతో దానిని రద్దు చేయగలదు.

చట్టం చేసినవారే అమలు చేస్తారని అనుకోకూడదు. భారతీయ న్యాయ సంహిత పార్లమెంటు చేసినదే, అయినా దాని కింద కేసు రాసే ఠాణా సాధారణంగా రాష్ట్ర ప్రభుత్వానిదే. నా దృష్టిలో జాబితాల కంటే ఇదే పౌరుడికి ఎక్కువగా పనికివచ్చే విషయం.

సాధారణ పంపకాన్ని దాటే దారులు కొన్ని ఉన్నాయి. హాజరై ఓటు వేసిన సభ్యులలో మూడింట రెండు వంతుల మద్దతుతో రాజ్యసభ తీర్మానిస్తే 249వ అధికరణం కింద రాష్ట్ర అంశంపైనా పార్లమెంటు చట్టం చేయవచ్చు. అంతర్జాతీయ ఒప్పందాల అమలుకు 253వ అధికరణం అదే వీలు కల్పిస్తుంది.

ఇక జవాబు ఎవరు చెప్పాలన్నది చూడాలి. కేంద్ర మంత్రిమండలి లోక్‌సభకు, రాష్ట్ర మంత్రిమండలి శాసనసభకు సమష్టిగా బాధ్యత వహిస్తాయి. ప్రభుత్వానికి మెజారిటీ ఉందా లేదా అన్నది రాజ్‌భవన్‌లో కాక సభలోనే తేలాలని 1994లో బొమ్మై కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. పోలీసులపై ప్రశ్నను ఎంపీ ద్వారా అడిగిస్తే, శాంతిభద్రతలు, పోలీసు ఏడవ షెడ్యూలు ప్రకారం రాష్ట్ర అంశాలన్న సమాధానమే తరచుగా వస్తుంది. అటువంటి ప్రశ్నను ఎమ్మెల్యే ద్వారా శాసనసభలో వేయించి, అదే విషయంలో కేంద్రం విడుదల చేసిన నిధుల సంగతిని మాత్రం ఎంపీ ద్వారా విడిగా అడిగించడం మేలు.