కథలోంచి కవిత ఏరడం ఎలా?

పత్తి చేనులో ఆకునూ పుల్లనూ వదిలి తెల్లటి దూదిని మాత్రమే ఒడిలో వేసుకున్నట్టు, ఒక కథలోని మాటలను ఏరి వాటితోనే కూర్చిన కవితను ‘ఏరిన కవిత’ అందాం. నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల బడుల్లో పత్తి ఏరడం చూడని పిల్లలు తక్కువ కాబట్టి నేను ఈ పాఠాన్ని ఆ పోలికతోనే మొదలుపెడతాను. సొంతంగా రాయమంటే ‘నాకు కవిత్వం రాదు సార్’ అని తల దించుకునే పిల్లలు కూడా ఏరమంటే వెంటనే పెన్సిల్ అందుకుంటారు.

ముందుగా రెండు మూడు పేజీల చిన్న కథను ఎంచుకుని, ప్రతి ఒక్కరికీ ఒక జిరాక్స్ ప్రతి ఇవ్వండి. మొదటిసారి పెన్సిళ్లు పక్కన పెట్టించి మీరే పైకి చదవండి, ఎందుకంటే కథ తెలియకముందే ఏరితే అందంగా కనిపించే పదాలే చేతికొస్తాయి తప్ప కథను మోసేవి రావు. రెండోసారి పిల్లలు మౌనంగా చదువుతూ తమను ఆపిన మాటల కింద గీత గీయాలి. 30, 40 మాటలు చాలు.

తరగతిలో చూపడానికి నేను రాసుకున్న ఒక పేరా ఇది:

‘తెల్లవారకముందే ముంబయి బస్సు వచ్చింది. అమ్మ సద్దిమూట కట్టి నాయిన చేతికిచ్చింది. ఏమీ మాట్లాడలేదు. ఎండిన బోరు పక్కన కుక్క పడుకుని ఉంది. బస్సు కదిలాక అమ్మ ఇంట్లోకి పోయి, రెండు కంచాలు తీసి, ఒకటి మళ్లీ బోర్లించింది.’

దానిలోంచి ఏరినది:

ఎండిన బోరు.
ఏమీ మాట్లాడలేదు
అమ్మ.
రెండు కంచాలు
ఒకటి
బోర్లించింది.

ఇందులో బస్సు లేదు, నాయిన లేడు; అయినా ఆయన వెళ్లిపోయిన సంగతి ఆ బోర్లించిన కంచంలో ఉంది. వదిలేయడమే ఇక్కడ అసలు పని అని పిల్లలకు అర్థమయ్యేది ఈ చోటే కనుక తొందరపడకుండా ఆగండి.

తర్వాత గీత గీసిన మాటలను చీటీల మీద రాయించి, బల్ల మీదో నేల మీదో పరిచి, అటూ ఇటూ జరపనివ్వండి. క్రమం మార్చవచ్చు, ఒక మాటను రెండుసార్లు వాడవచ్చు, కొత్త మాట మాత్రం చేర్చకూడదు. తెలుగులో ప్రత్యయం మాటకు అతుక్కునే వస్తుంది కాబట్టి ఇక్కడ ఒక పేచీ తప్పదు: ‘కదిలాక’ను ‘కదిలింది’గా మార్చుకుంటామని అడుగుతారు. ఒప్పుకోకండి. ‘కదిలాక’ను ఒక పాదంలో ఒంటరిగా నిలబెడితే, ఆ తర్వాత ఏమైందన్న ప్రశ్న దానంతటదే పుడుతుంది.

కవితను పైకి చదివించి, గొంతు ఆగిన చోట పాదం విరవమనండి. కింద కథ పేరు, రచయిత పేరు తప్పక రాయించండి, మాటలు వారివి.

కవితలన్నిటినీ గోడపత్రికగా అతికించండి. తెలంగాణలో కవులు లేరన్న మాటకు జవాబుగా, పాలమూరు గడ్డ మీద పుట్టిన సురవరం ప్రతాపరెడ్డి 1934లో 354 మంది కవులతో గోల్కొండ కవుల సంచికను తెచ్చిన సంగతిని, ‘నాకు రాదు’ అన్న పిల్లలకు ఆ గోడ ముందే చెప్పండి. ఆపైన ఒకే పేజీలోంచి వచ్చిన రెండు కవితలను పక్కపక్కన పెట్టి, ఏ మాటను ఎందుకు వదిలేశారో వాళ్లనే చెప్పమనండి.