పసిబిడ్డ మెదడుకు ఎమ్మారై: సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

పుట్టగానే ఏడవని బిడ్డకు ఎమ్మారై రాశారంటే ఇంటిల్లిపాదికీ టెన్షనే. శ్రీకాకుళం నుంచో పాడేరు నుంచో విశాఖ వచ్చి, మహారాణిపేటలో రిపోర్టు కవరు పట్టుకుని నిలబడే కుటుంబాలకు సాధారణంగా ఎదురయ్యే ఇబ్బందులు ఇవి.

సమస్య: వెంటనే స్కాన్ తీయమంటే డాక్టరు ఆగమంటున్నారు

కారణం: ఆక్సిజన్ అందక మెదడుకు తగిలిన దెబ్బ ఒక్కసారిగా బయటపడదు. కొన్ని కణాలు మొదటి గంటల్లో, మరికొన్ని తర్వాతి రోజుల్లో చనిపోతాయి. తొలి రోజు తీస్తే దెబ్బ ఉన్నదానికంటే తక్కువగా కనిపించవచ్చు.

పరిష్కారం: సాధారణంగా 4-7 రోజుల మధ్య తీస్తారు. కూలింగ్ చేస్తుంటే, అంటే 72 గంటలు ఒంటి వేడిని 33.5 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంచుతుంటే, అది ముగిసి బిడ్డ మళ్లీ వెచ్చబడ్డాకే. ఈలోగా మాడు మీద అల్ట్రాసౌండ్ పెట్టి రక్తస్రావం ఉందేమో చూస్తారు. మా బిడ్డకు కూలింగ్ ఎందుకు చేయలేదని గొడవపడే ముందు ఒక మాట: భారత్, శ్రీలంక, బంగ్లాదేశ్‌లలో జరిగి 2021లో వెలువడిన హీలిక్స్ పరిశోధనలో కూలింగ్ వల్ల మేలు కనబడలేదు, పైగా మరణాలు పెరిగాయి. డాక్టర్లు వెనకాడటానికి కారణం ఉంది.

సమస్య: రెండు రిపోర్టులకు పొంతన లేదు

అయిదో రోజు స్కాన్‌లో దెబ్బ ఉందన్నారు, రెండో వారంలో డిఫ్యూజన్ (మెదడులో నీటి కదలికను చూపే ఎమ్మారై బొమ్మ) నార్మల్ అన్నారు. బిడ్డకు నయమైపోయిందని మొక్కులు తీర్చేసేవాళ్లు ఉంటారు, మొదటి సెంటరు మోసం చేసిందని తిట్టేవాళ్లూ ఉంటారు. ఈ రెండు అభిప్రాయాలూ తప్పే.

కారణం: డిఫ్యూజన్ బొమ్మలో కనిపించే తెల్లదనం వారం దాటేసరికి తనంతట తనే మాసిపోతుంది. గాయం మాత్రం పోదు. అప్పటికి దాని ఆనవాళ్లు టీ1, టీ2 అనే మరో రకం ఎమ్మారై బొమ్మల్లోకి వస్తాయి.

పరిష్కారం: ఏ రిపోర్టు చదివినా ముందు చూడాల్సింది స్కాన్ నాటికి బిడ్డ వయసు ఎన్ని రోజులన్నదే. చిన్నపిల్లల డాక్టరు దగ్గరికి రాతకాగితం ఒక్కటే తీసుకెళ్తే చాలదు, సీడీ కూడా ఉండాలి. నవజాత శిశువు మెదడులో నీరు ఎక్కువ, అందుకే పెద్దవాళ్ల సెట్టింగులతో తీస్తే బొమ్మలో తేడాలు సరిగా తెలియవు. నెలలోపు పిల్లలకు తీసే అలవాటుందా అని సెంటర్లో ముందే అడగండి.

సమస్య: బొమ్మలు అలికేసినట్టున్నాయి

కారణం: బిడ్డ కదిలాడు.

పరిష్కారం: స్కాన్‌కు కాసేపటి ముందు కడుపునిండా పాలు పట్టి, గుడ్డలో బిగుతుగా చుట్టి, చెవులు మూసి నిద్రపుచ్చితే చాలామంది పిల్లలకు మత్తు అక్కర్లేదు. మత్తు ఇస్తామంటే మాత్రం పాలు ఎప్పుడు ఆపాలో కనుక్కోండి, అక్కడ లెక్క పూర్తిగా వేరు. మొలతాడు, మురుగులు, తాయెత్తు, నొక్కుడు గుండీల చొక్కా తీసేయాలి. వెండికి అయస్కాంతం అంటదు కదా అని అమ్మమ్మలు వాదిస్తారు. నిజమే, కానీ లోహం వేడెక్కవచ్చు, బొమ్మనూ చెడగొడుతుంది.

సమస్య: రిపోర్టులో మాటలు అర్థం కావడం లేదు

బేసల్ గాంగ్లియా, థాలమస్ (మెదడు లోతట్టు భాగాలు) దెబ్బ అని ఉంటే ఆక్సిజన్ హఠాత్తుగా, బాగా తగ్గిందని అనుమానిస్తారు. కాళ్లూ చేతుల కదలికలకు, పాలు మింగడానికి ఇబ్బంది రావచ్చు. వాటర్‌షెడ్ (రెండు రక్తనాళాల పరిధులు కలిసే అంచు భాగం) దెబ్బ అంటే కొరత కొద్దికొద్దిగా ఎక్కువసేపు సాగిందని, చదువు, ఆలోచనల మీద ప్రభావం ఆలస్యంగా తెలియవచ్చు. ఇంటర్నల్ క్యాప్సూల్ (మెదడు నుంచి ఒంటికి కదలికల సంకేతాలు వెళ్లే దారి) గురించి ఏం రాశారో తప్పక అడగండి. నెలలు నిండిన బిడ్డలో అక్కడ ఉండాల్సిన మెరుపు లేకపోతే నడక విషయంలో బెంగపడాల్సిందే. తల వెనక భాగంలో దెబ్బ ఉంటే షుగర్ పడిపోయిందేమో చూస్తారు. గ్లోబస్ పాలిడస్ (బేసల్ గాంగ్లియాలో ఒక భాగం) దెబ్బ అని కనిపిస్తే పచ్చకామెర్ల సంగతి అడుగుతారు.

సమస్య: స్కాన్ నార్మల్, బిడ్డ మాత్రం పాలు తాగడం లేదు

కారణం: ఇన్‌ఫెక్షన్, జీవక్రియ లోపాలు, జన్యు సమస్యలు ఎమ్మారైలో కనిపించకపోవచ్చు.

పరిష్కారం: రక్తపరీక్షలు, ఈఈజీ (మెదడు విద్యుత్ తరంగాల పరీక్ష) గురించి అడగండి. మూడు నాలుగు నెలలకు కదలికల పరీక్షకు తప్పకుండా తీసుకెళ్లండి. పెదాలు చప్పరించడం, సైకిల్ తొక్కినట్టు కాళ్లాడించడం, చూపు ఒకవైపే నిలిచిపోవడం ఫిట్స్ కావచ్చు. ఫోన్లో వీడియో తీసి, అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి.