దలా గుర్రాలు తయారయ్యే ఊరికి వెళ్లి రావడం ఎలా?

స్వీడన్‌లో ఏ సావనీర్ షాపులోకి వెళ్లినా ఒంటి నిండా పూల డిజైన్ ఉన్న ఎర్ర చెక్క గుర్రం కనబడుతుంది. అదే దలా గుర్రం. చేతిలోకి తీసుకుని ధర చూసి, ‘ఇంత చిన్న బొమ్మకు ఇంతా?’ అని కింద పెట్టేస్తాం. ఆ ధర ఎందుకో తెలియాలంటే దలార్నా ప్రాంతంలోని నూస్నేస్ అనే పల్లెకు వెళ్లాలి.

ముందుగా ఏ రోజు వెళ్లాలో చూసుకోండి. వారం మధ్యలో ఉదయం పూట వెళ్లడం మేలు. శని, ఆదివారాల్లో అక్కడి కార్ఖానాల షాపులు తెరిచి ఉన్నా లోపల పని జరగకపోవచ్చు. పని జరగని కార్ఖానా చూడటానికి అంత దూరం ఎందుకు? వేళలు కార్ఖానాల వెబ్‌సైట్లలో ఒకసారి సరిచూసుకోండి.

స్టాక్‌హోమ్ నుంచి మూరా పట్టణానికి రైల్లో సుమారు నాలుగు గంటలు. అక్కడి నుంచి సిల్యాన్ సరస్సు పక్కగా 10 కిలోమీటర్లు వెళ్తే నూస్నేస్. బస్సులు తక్కువ కాబట్టి తిరుగు బస్సు టైం ముందే రాసి పెట్టుకోండి. ఎండాకాలమైతే సైకిల్ మీద కూడా హాయిగా వెళ్లొచ్చు. కారులో 70వ నంబరు రోడ్డు మీద వెళ్లేవాళ్లకు దారిలో అవెస్తా దగ్గర 13 మీటర్ల కాంక్రీటు గుర్రం తగులుతుంది. ఫొటో దిగి కదలండి, అసలు పని ముందుంది.

ఊళ్లో రెండు పాత కార్ఖానాలు దగ్గర దగ్గరే ఉంటాయి: 1922లో మొదలైన గ్రన్నాస్ ఓల్సన్, 1928లో మొదలైన నిల్స్ ఓల్సన్. రెండూ చూడండి. ఒకప్పుడు అడవిలో కలప కొట్టేవాళ్లు చలికాలం రాత్రుళ్లు మంట దగ్గర కూర్చుని పిల్లల కోసం చెక్కిన బొమ్మలివి. 1939లో న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో స్వీడన్ ఒక పెద్ద గుర్రాన్ని నిలబెట్టడంతో వీటికి గిరాకీ ఒక్కసారిగా పెరిగింది.

లోపల పని జరిగే వరసలోనే చూస్తూ వెళ్లండి. నిదానంగా పెరిగిన పైన్ చెక్కను రంపంతో గుర్రం ఆకారంలో కోస్తారు. తర్వాత చెక్కేదంతా చాకుతోనే. చాలామంది ఈ పనిని ఇంట్లోనే చేసి తెచ్చిస్తారు. ఆపై గుర్రాన్ని రంగులో ముంచి, పగుళ్లలో పుట్టీ పెట్టి, నున్నగా రుద్ది, మళ్లీ ఎర్ర రంగులో ముంచుతారు.

పూలు వేసే బల్ల దగ్గర మాత్రం తొందరపడకండి. ఒకే కుంచెకు రెండు రంగులు అద్దుతారు. ఒక్క విసురుకు రేకులో ఒక అంచు తెల్లగా, రెండో అంచు ముదురుగా వచ్చేస్తుంది. పెన్సిల్ గీత ఉండదు, దిద్దుబాటూ ఉండదు. ఈ పద్ధతిని 19వ శతాబ్దంలో స్టికో ఎరిక్ హాన్సన్ అనే చిత్రకారుడు తెచ్చాడని చెబుతారు. ఈ పూల శైలి పేరు కుర్బిట్స్. అంటే సొరజాతి పాదు. మూలం బైబిల్లో యోనా అనే ప్రవక్తకు నీడనిచ్చిన సొరచెట్టు!

పనివాళ్లను పలకరించాలంటే ‘హేయ్’, వెళ్లేటప్పుడు ‘తక్’ (థాంక్స్) చాలు. ఫొటోకు ముందు అడగండి. వాళ్ల వెలుతురుకు అడ్డంగా నిలబడకండి. ఆరబెట్టిన గుర్రాలను వేలితో తాకి చూడాలనిపిస్తుంది, పిల్లలకు ముందే చెప్పి ఉంచండి.

కొనేటప్పుడు ఒకే సైజువి నాలుగైదు పక్కపక్కన పెట్టి చూడండి. ఒకదాని మెడ కాస్త వంగి ఉంటుంది, ఇంకోదాని ముక్కు మొద్దుగా ఉంటుంది. చెక్కిన చేయి మారితే గుర్రమూ మారుతుంది. డబ్బు కార్డుతో కట్టొచ్చు. రంగు వేయని గుర్రం కూడా ఒకటి తెచ్చుకోండి. ఇంటికొచ్చాక కుంచెకు రెండు రంగులు అద్ది, ముందు పాత న్యూస్‌పేపర్ మీద ఓ యాభై రేకులు వేసి, చేయి కుదిరాక గుర్రం మీద పెట్టండి.