దిక్కులు - దూరాలు: 3వ పాఠం

పోయిన పాఠంలో ఇచ్చిన నీడ లెక్క ఇది: పొద్దున ఒకతని నీడ అతని కుడిపక్కన పడింది, అతని ముఖం ఏ దిక్కుకు ఉంది? జవాబు దక్షిణం. పొద్దున సూర్యుడు తూర్పున ఉంటాడు, నీడ పడమటికి పడుతుంది. నీడ కుడిపక్కన ఉందంటే కుడిచేయి పడమటి వైపు ఉన్నట్టే. ముఖం దక్షిణానికి ఉంటేనే అలా కుదురుతుంది.

ఇవాళ నడక లెక్కలు. కానిస్టేబుల్, గ్రూప్స్, రైల్వే పరీక్షలు రాసేవాళ్లకు బాగా పనికొచ్చే రకం.

"లక్ష్మి ఇంటి నుంచి ఉత్తరానికి 10 మీటర్లు నడిచింది. కుడికి తిరిగి 20, మళ్లీ కుడికి తిరిగి 15, ఇంకోసారి కుడికి తిరిగి 8 మీటర్లు నడిచి ఆగింది. ఇంటి నుంచి ఎంత దూరంలో, ఏ దిక్కులో ఉంది?"

చాలామంది తడబడేది మూడో మలుపు దగ్గరే. అప్పటికి లక్ష్మి దక్షిణానికి నడుస్తోంది, అంటే కాగితం మీద మనకు ఎదురుగా వస్తోంది. ఆమె కుడి మనకు ఎడమ అవుతుంది. పరీక్ష టెన్షన్‌లో మన కుడివైపే గీత లాగేస్తాం, అక్కడితో లెక్క పోతుంది. కొందరు కాగితాన్నే తిప్పి చూస్తారు. దానికన్నా ఉత్తరం, తూర్పు, దక్షిణం, పడమర అనే వరుస నోట్లో ఆడాలి. కుడికి తిరిగితే వరుసలో ఒకటి ముందుకు, ఎడమకు తిరిగితే ఒకటి వెనక్కి. పడమర దాటితే మళ్లీ ఉత్తరమే. ఇలా చూస్తే మూడో మలుపు తర్వాత ఆమె నడిచింది పడమటికి.

ఇక ఎదురెదురు దిక్కులను తీసివేయండి. ఉత్తరం 10, దక్షిణం 15: దక్షిణానికి 5 మిగిలింది. తూర్పు 20, పడమర 8: తూర్పుకు 12 మిగిలింది. ఈ రెండూ లంబకోణ త్రిభుజం భుజాలు, ఇంటికి నేరుగా ఉన్న దూరం దాని కర్ణం. 5 వర్గం 25, 12 వర్గం 144 కలిపితే 169, వర్గమూలం 13. జవాబు: 13 మీటర్లు, ఆగ్నేయం. సరిగ్గా 45 డిగ్రీలు కాకపోయినా ఆప్షన్లలో ఆగ్నేయమనే ఇస్తారు.

ఇలా పూర్ణ సంఖ్యల్లో కుదిరే లంబకోణ త్రిభుజం కొలతలు 3-4-5, 5-12-13, 8-15-17 కంఠతా వచ్చేయాలి. వాటి రెట్టింపులు, మూడు రెట్లు కూడా అడుగుతారు.

ప్రశ్న చివరి వాక్యాన్ని మాత్రం రెండుసార్లు చదవండి. "ఇల్లు ఆమెకు ఏ దిక్కులో ఉంది?" అంటే జవాబు వాయవ్యం. "మొత్తం ఎంత నడిచింది?" అంటే 53 మీటర్లు. లెక్కంతా సరిగ్గా చేసి ఇక్కడ మార్కు పోగొట్టుకోవడం నిజంగా బాధ.

వచ్చే పాఠం లోపు ఇది చేసి ఉంచండి: ఒకతను ఇంటి నుంచి దక్షిణానికి 3 కిలోమీటర్లు వెళ్లి, ఎడమకు తిరిగి 15, మళ్లీ ఎడమకు తిరిగి 12, ఇంకోసారి ఎడమకు తిరిగి 3 కిలోమీటర్లు వెళ్లాడు. ఇల్లు అతనికి ఎంత దూరంలో, ఏ దిక్కులో ఉంది?