ఒక గది చల్లగా, పక్క గది ఉక్కగా: అండర్‌ఫ్లోర్ హీటింగ్‌లో తప్పు ఎక్కడుంది?

బ్రిటన్‌లో కొత్త ఇల్లు కొనుక్కున్న తెలుగు కుటుంబాల నుంచి చలికాలంలో నాకు తరచుగా వినిపించే ఫిర్యాదు ఇది: పడకగదిలో థర్మోస్టాట్ ఎంత పెంచినా చలి తగ్గదు, హాల్లో మాత్రం ఉక్కపోస్తుంది. నేల కింద వేడినీటి గొట్టాలున్న ఇళ్లకే ఈ మాటలు వర్తిస్తాయి.

ముందుగా మానిఫోల్డ్ (అన్ని గదుల గొట్టాలకూ వేడినీటిని పంచే కూడలి) ఉన్న అలమర తలుపు తెరవండి. దాదాపు అందరూ వదిలేసేది ఈ పనినే. వేడి కోరుతున్న గది ఫ్లో మీటరులో (నీటి ప్రవాహాన్ని చూపేది) సూచిక సున్నా మీదే ఉంటే, ఆ గొట్టంలో నీరు కదలడం లేదు: యాక్చుయేటర్ (థర్మోస్టాట్ చెప్పినప్పుడు ఆ గొట్టానికి నీటిదారి తెరిచే చిన్న పరికరం) తెరుచుకోలేదు, దాని కింది పిన్ను బిగుసుకుంది, లేదా గాలి చేరింది. నీరు పారుతూ ఉంటే ఓపిక పట్టండి. గొట్టాల మీద పోసిన 65 మిల్లీమీటర్ల స్క్రీడ్ (సిమెంటు పొర) వేడెక్కడానికి గంటలు పడుతుంది.

నన్ను బాగా ఇబ్బంది పెట్టిన కారణం వేరే ఉంది. ఒక ఇంట్లో రెండుసార్లు గాలి తీశాను, యాక్చుయేటర్ కూడా మార్చాను, అయినా పడకగది వేడెక్కలేదు. చివరికి తేలిందేమిటంటే, పడకగది థర్మోస్టాట్ హాలు గొట్టాన్ని, హాలు థర్మోస్టాట్ పడకగది గొట్టాన్ని నడుపుతున్నాయి. పడకగదిలో చలి వేసి ఆ ఇంటివారు అక్కడ పెంచిన కొద్దీ హాలు వేడెక్కేది. ఉక్క భరించలేక హాల్లో తగ్గించిన కొద్దీ పడకగది మరింత చల్లబడేది. పరికరాలన్నీ సవ్యంగానే పనిచేస్తుంటాయి కనుక ఈ తప్పు ఎంత వెతికినా కంటపడదు.

దీన్ని పట్టుకోవాలంటే, ఉదయమే థర్మోస్టాట్‌లన్నీ 5 డిగ్రీలకు తగ్గించి, నేల పూర్తిగా చల్లారాక సాయంత్రం ఒక్క పడకగదిలో మాత్రమే 25కు పెంచండి. ఐదు నిమిషాల్లో ఏ యాక్చుయేటర్ తల పైకి లేచిందో గుర్తు పెట్టుకోండి, కానీ దానికి అంటించిన చీటీని నమ్మకండి, ఎందుకంటే చీటీలే తారుమారైన ఇళ్లను నేను చూశాను. రాత్రంతా అలాగే ఉంచి, తెల్లవారాక చెప్పులు లేకుండా గదులన్నీ తిరిగితే, ఏ నేల వెచ్చబడిందో మీ అరికాళ్లకే తెలుస్తుంది. వైర్‌లెస్ థర్మోస్టాట్‌లైతే సరైన చానల్‌కు (ఆ గది గొట్టాన్ని నడిపే దానికి) మళ్లీ జతచేస్తే చాలు. వైర్లున్నవైతే చాలా ఇళ్లలో అది 230 వోల్టుల కరెంటు కనుక, వాటిని మార్చే పని ఎలక్ట్రీషియన్‌కే అప్పగించండి.

పంపు ఆగిపోవడం, మిక్సింగ్ వాల్వు (బాయిలర్ నీటి వేడిని నేలకు తగినట్టు తగ్గించేది) పాడవడం అరుదు. అప్పుడు ఒక్క గది కాదు, ఇల్లంతా చల్లబడుతుంది. గొట్టం కారడం ఇంకా అరుదు, బాయిలర్ పీడనం పదేపదే పడిపోతుంటేనే దాన్ని అనుమానించండి.

కొత్తగా వేయించుకుంటున్నవారు స్క్రీడ్ పోయకముందే ప్రతి గొట్టం మానిఫోల్డ్ నుంచి ఏ గదికి వెళ్తోందో ఫోటోలు తీసి, ఒక ప్రతిని ఆ అలమర తలుపు లోపలే అంటించండి.