ఇంట్లో పుట్టినరోజు కేకు – 3వ పాఠం: కార్తీకమాసంలో నాన్నకు గుడ్డులేని కేకు

కిందటి పాఠంలో గుడ్లు గిలక్కొట్టి స్పాంజి కేకు చేశాం. గుడ్డులో చేరిన గాలే కేకును పైకి లేపుతుందనీ, వేడికి గుడ్డు గట్టిపడి ఆ గాలి గదుల్ని కూలిపోకుండా నిలబెడుతుందనీ చెప్పుకున్నాం. ఈసారి ఆ గుడ్డే ఉండదు.

మా నాన్న పుట్టినరోజు నవంబరు మూడోవారంలో. దాదాపు ప్రతి ఏడూ కార్తీకమాసమే. ఆ నెలంతా మా వంటింట్లోకి ఉల్లిపాయ కూడా రాదు, ఇక గుడ్డు మాట ఎత్తేదెవరు? బేకరీ నుంచి ఎగ్‌లెస్ కేకు తెచ్చినా, "ఆ గిన్నెల్లోనే కదమ్మా అవీ కలిపేది" అని ముక్క నా పళ్ళెంలోకి జరిపేసేవారు. ఆయన తినే కేకు కావాలంటే నేనే చేయాలని అప్పుడు తేలింది. శనివారం పట్టింపున్న అత్తయ్యలకీ, అసలు గుడ్డే ముట్టని తాతయ్యలకీ ఇదే కేకు పనికొస్తుంది.

గుడ్డు చేసే పని ఇక్కడ పెరుగు, వంటసోడా కలిసి చేస్తాయి. పెరుగులో పులుపుంది. సోడా దానికి తగలగానే కార్బన్ డయాక్సైడ్ బుడగలు పుడతాయి. ఆ బుడగలే కేకును లేపుతాయి. బేకింగ్ పౌడర్ వేరే వస్తువేమీ కాదు. అదే సోడాకు పొడిగా ఉండే ఆమ్లాన్నీ, తడి తగలకుండా కాస్త కార్న్‌ఫ్లోర్ లాంటి పొడినీ కలిపి డబ్బాలో పోసి అమ్ముతారు. తడి తగిలినప్పుడు కొంత, వేడి తగిలినప్పుడు మిగతాది పొంగుతుంది. ఇంగ్లండులో బర్మింగ్‌హామ్‌లో ఆల్‌ఫ్రెడ్ బర్డ్ అనే మందుల వ్యాపారి 1843లో తన బేకింగ్ పౌడర్ తయారు చేశాడు. ఆయన భార్యకు గుడ్లూ పడవు, ఈస్టూ పడదు. ఇంట్లో ఒక మనిషి తినలేకపోవడం వల్ల పుట్టిన డబ్బా అది. మా నాన్న గురించి ఆలోచిస్తూ పిండి కలిపేటప్పుడు నాకు ఆ బర్డే గుర్తొస్తాడు.

ఇప్పుడు కొలతలు. 7 అంగుళాల గుండ్రటి టిన్నుకు సరిపోతాయి. 240 మి.లీ. కప్పుతో కొలిస్తే మైదా కప్పున్నర, గట్టి పెరుగు ఒక కప్పు, పంచదార ముప్పావు కప్పు, వాసన లేని నూనె అరకప్పు. తూకం ఉన్నవాళ్ళకు మైదా 190 గ్రాములు, పంచదార 150 గ్రాములు. బేకింగ్ పౌడర్ ఒకటింబావు టీస్పూను, వంటసోడా అర టీస్పూను, వెనిల్లా ఎసెన్సు ఒక టీస్పూను, చిటికెడు ఉప్పు. నూనె పొద్దుతిరుగుడుదైతే చాలు. వేరుశెనగ నూనె వేస్తే కేకు పకోడీల వాసన కొడుతుంది, చేసి చూశాకే చెబుతున్నాను.

సోడా మాత్రం చేతి అంచనాతో వేయకండి. 5 మి.లీ. పట్టే కొలత స్పూనుతో తీసుకుని, పైన చాకుతో సమంగా గీసేయండి. పప్పు తొందరగా ఉడకాలని వేసే చిటికెడులో ఎక్కువ తక్కువలైనా ఎవరికీ తెలియదు. ఇక్కడ అర స్పూను ముప్పావు అయితే కేకు రంగు ముదిరి, నోట్లో పెట్టుకోగానే సబ్బు రుచి తగులుతుంది. బేకింగ్ పౌడర్ డబ్బా తెరిచి చాలా నెలలైతే, అర స్పూను వేడినీళ్ళలో వేసి చూడండి. బుసబుసమని పొంగితే బతికే ఉన్నట్టు. ఊరికే కరిగి కూర్చుంటే ఆ డబ్బాకు సెలవివ్వండి.

కలపడం మొదలుపెట్టకముందే పొయ్యి సంగతి చూసుకోవాలి. సోడా పడ్డాక పిండి మన కోసం ఆగదు కాబట్టి ఈ పాఠంలో వరుస తప్పకూడదు. ఓవెన్ ఉంటే 180 డిగ్రీల దగ్గర పెట్టి పది నిమిషాలు వేడెక్కనివ్వండి. లేకపోతే పాత అల్యూమినియం కుక్కర్ చాలు. అడుగున కప్పున్నర రాళ్ళ ఉప్పు పరిచి, దాని మీద చిన్న స్టాండు పెట్టి, మధ్యస్థం మంట మీద పది నిమిషాలు ఉంచండి. నీళ్ళు పోయకూడదు. విజిల్, గ్యాస్కెట్ తీసేసి కుక్కర్ మూతే పెట్టేవాళ్ళున్నారు. నేను పెట్టను. మూతకుండే సేఫ్టీ వాల్వులో వేడికి కరిగే లోహం ఉంటుంది. పొడి వేడిలో అది కరిగితే, వాల్వు మార్చేదాకా కుక్కర్ పప్పుకు పనికిరాదు. అంచుకు సరిగ్గా కూర్చునే ఉబ్బెత్తు మూత ఒకటి చూసుకోండి. ఉబ్బెత్తుదే ఎందుకంటే, లోపల పట్టిన చెమ్మ కేకు మీద కారకుండా పక్కలకు జారిపోతుంది. టిన్నుకూ కుక్కర్ గోడకూ మధ్య చుట్టూ వేలు పట్టేంత సందు కూడా ఉండాలి. ఆ ఉప్పు మళ్ళీ వంటకు పనికిరాదు. సీసాలో పోసి 'కేకు ఉప్పు' అని రాసి పెట్టుకుంటే ఏళ్ళ తరబడి వాడుకోవచ్చు.

అది వేడెక్కేలోపు టిన్నుకు నూనె రాసి, అడుగున బటర్ పేపర్ పరచండి. మైదా, ఉప్పు కలిపి రెండుసార్లు జల్లించి పక్కన పెట్టుకోండి.

ఇక పెరుగు. ఆ ఉదయం తోడుకున్నది మంచిది. గేదెపాల గడ్డపెరుగైతే మరీ మంచిది. ఫ్రిజ్‌లోదైతే గంట ముందే బయట పెట్టి, పైన తేరిన నీళ్ళు వంచేయండి. పంచదార వేసి, అది కరిగి గరగర ఆగేదాకా విస్కుతో తిప్పండి. ఇప్పుడు బేకింగ్ పౌడర్, సోడా వేసి ఒక్కసారి కలిపి వదిలేయండి. గిన్నె దగ్గర చెవి పెడితే సన్నటి చిటపట వినిపిస్తుంది. ఐదు నిమిషాల్లో పెరుగు నురగలు కట్టి గిన్నెలో పైకి వస్తుంది, బాగా పులిసిన అట్లపిండి మూత తీసినట్టు. పిల్లలుంటే ఈ ఐదు నిమిషాలూ పిలిచి చూపించండి, స్కూల్లో చెప్పే రసాయన చర్య ఇదే. నురగ రాలేదంటే సోడా పాతది. అప్పుడు పిండి దండగ చేసుకోకుండా అక్కడే ఆగిపోవచ్చు.

నురగ వచ్చాక నూనె, వెనిల్లా పోసి మెల్లగా కలపండి. మైదాను మూడు విడతలుగా వేయండి. మన చేతివాటం మనల్ని ముంచేది ఇక్కడే. గారెల పిండిని ఎంత గిలక్కొడితే గారె అంత గుల్లగా వస్తుందని చిన్నప్పటినుంచీ చూశాం కదా. మినప్పప్పుకు అది సరే. మైదాలో తడి తగిలితే సాగే గ్లూటెన్ అనే ప్రోటీన్ ఉంది. గట్టిగా కలిపేకొద్దీ అది తాళ్ళలా బిగుసుకుంటుంది, కేకు రొట్టెలా సాగుతుంది. అందుకని గరిటెను అడుగునుంచి పైకి తెచ్చి మడవడమే, గుండ్రంగా తిప్పకూడదు. తెల్ల పిండి కనపడకపోతే చాలు, చిన్న చిన్న ఉండలున్నా టెన్షన్ వద్దు. గరిటె ఎత్తితే పిండి రిబ్బనులా జారి, మడతపడి, ఒక్క క్షణం నిలిచి కలిసిపోవాలి. అలా జారకుండా ముద్దగా పడితే రెండు మూడు చెంచాల పాలు పోయండి.

వెంటనే టిన్నులో పోసి, ఒకసారి గట్టుమీద తట్టి, వేడెక్కిన కుక్కర్‌లో దించండి. ముంజేయి కాలకుండా పట్టకారు వాడండి. మూత పెట్టి ఐదు నిమిషాలు మధ్యస్థం మంట, తర్వాత సిమ్. మొత్తం 45 నుంచి 50 నిమిషాలు. ఓవెన్‌లో అయితే 35 నుంచి 40.

నలభై నిమిషాల దాకా మూత తీయకండి. మొదటిసారి చేసినప్పుడు ఇరవయ్యో నిమిషానికే వెనిల్లా వాసనకు ఇల్లంతా వంటింట్లో చేరింది. "పొంగిందా?" అని అమ్మ, "చూపించవే" అని నాన్న. నాకూ ఆత్రమే. తీశాను. ఎంత అందంగా పొంగిందో! మూడు సెకన్లు చూశామేమో, మా కళ్ళముందే నడిమధ్య మెల్లగా గుంటపడింది. బుడగల చుట్టూ గోడలు ఇంకా పచ్చిపిండే. వేడికి అవి గట్టిపడేలోపే చల్లగాలి తగిలి లోపలి ఆవిరి కుంచించుకుపోయింది, పట్టి నిలబెట్టడానికి గుడ్డు కూడా లేదు. ఆ గుంటలో దానిమ్మగింజలు పోసి, అలా చేయడమే పద్ధతన్నట్టు నడిపించేశాను. నాన్నకు ఇప్పటికీ ఆ దానిమ్మ కేకే ఇష్టం, ప్రతి ఏడూ అడుగుతారు. ఇప్పుడు కావాలని గుంట చేయడం రావడం లేదు.

టూత్‌పిక్ నడిమధ్యలో గుచ్చితే పొడిగా రావాలి. అంచులు టిన్నును వదిలి కొంచెం లోపలికి జరిగినా ఉడికినట్టే. కుక్కర్‌లో చేసిన కేకు పైన ఎర్రగా రాదు, పాలిపోయినట్టు ఉంటుంది. అది చూసి ఇంకా ఉడకలేదనుకుని మరో పావుగంట ఉంచితే అడుగు మాడుతుంది. ఎలాగూ బోర్లిస్తాం కాబట్టి ఎర్రగా కాలిన అడుగే పైకి వస్తుంది. టిన్నులోనే పది నిమిషాలు ఉంచి, చాకుతో అంచు చుట్టూ తిప్పి బోర్లించి, బటర్ పేపర్ ఒలిచేయండి. పూర్తిగా చల్లారాకే కోయాలి. వేడిమీద కోస్తే పొడిపొడిగా రాలుతుంది.

నాన్న కేకు మీద క్రీమ్ పెట్టను. కాస్త పంచదార పొడి జల్లి, పైన జీడిపప్పు పలుకులు, అంతే. కొవ్వొత్తి కూడా ఉండదు. పుట్టినరోజు పూట దీపం ఊది ఆర్పడమేమిటని ఆయన అభ్యంతరం. కేకు పక్కన కుంది పెట్టి, ఆయన చేతే వత్తి వెలిగించి, ఆ తర్వాత కోయిస్తాం. మనవరాలు మాత్రం ఊదడానికి ఏమీ లేదని ప్రతిసారీ అలుగుతుంది.

వచ్చే పాఠంలో ఆ మనవరాలి కేకు చేద్దాం. క్రీమూ ఉంటుంది, కొవ్వొత్తులూ ఉంటాయి. అప్పటిలోగా ఈ కేకు ఒకసారి చేసి, పెరుగులో సోడా పడ్డాక నురగ ఎన్ని నిమిషాలకు వచ్చిందో, మీ పొయ్యిమీద కేకు ఎన్ని నిమిషాలకు ఉడికిందో రాసి పెట్టుకోండి. మీ కుక్కర్ లెక్క మీకే తెలియాలి, నా 45 నిమిషాలు నా పొయ్యివి.