ఒంటరిగా ఆర్‌వీలోకి మారాలనుకుంటే

రిటైరయ్యాక ఇకపై ఆర్‌వీలోనే, అంటే పడక, వంటగది, టాయిలెట్ ఉండే బండిలోనే, ఒక్కరే ఉండాలనుకునేవాళ్లు, ఇల్లు అమ్మకానికి పెట్టకముందే ఒక ఆర్‌వీ అద్దెకు తీసుకుని కొన్ని వారాలు అందులో ఉండి చూడండి. పనులన్నీ మీరే చేసుకోవాలి, పక్కవాళ్ల సాయం అడగొద్దు.

ముఖ్యంగా రివర్స్ చేయడం. వెనక నిలబడి చెప్పే మనిషి ఉండరు కాబట్టి మధ్యలో బండి ఆపి, దిగి, వెనకా పక్కలా చూసుకోండి. పైన కొమ్మలు కూడా! ఎన్నిసార్లు దిగాల్సి వచ్చినా మొహమాటపడొద్దు.

టాయిలెట్ ట్యాంక్ వాల్వ్ ఎప్పుడూ మూసే ఉంచండి, మూడింట రెండు వంతులు నిండాకే తెరిచి ట్యాంక్ ఖాళీ చేయండి. తెరిచి ఉంచితే నీళ్లు ముందే పోయి, మిగతాది అడుగున గట్టిపడుతుంది. దాన్ని వదిలించడం పెద్ద తలనొప్పి.

పాత బండి కొనేటప్పుడు టైర్లు అరగలేదని సంబరపడకండి. టైరు పక్కభాగంలో DOT అక్షరాలతో మొదలయ్యే డాట్ కోడ్ ఉంటుంది, దాని చివరి 4 అంకెలు చూడండి. 2318 అని ఉంటే 2018లో 23వ వారం తయారైనట్టు. ఏళ్ల తరబడి కదలని బండి టైర్లు పైకి కొత్తగా కనిపించినా దారిలో పేలొచ్చు. గ్యాస్, కార్బన్ మోనాక్సైడ్ అలారాలకూ గడువు ఉంటుంది. అది దాటిపోతే బేరం కుదిరిన రోజే కొత్తవి పెట్టించండి.